తోయా చెరువు గట్టున వేడినీళ్ల హోటల్లో దిగేవాళ్లకి: మమ్మల్ని అందరూ అడిగిన ప్రశ్నలు

మేము తిరుపతి నుంచి జపాన్ పోయొచ్చి ఆరు నెలలైంది. ఇప్పటికీ పెళ్లికి పోయినా, నోములకి పోయినా జనం అడిగేది టోక్యో గురించి కాదు, ఆ వేడినీళ్ల స్నానం గురించే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఇట్ల ఒక్కసారిగా రాసి పెడతా ఉండా. పోయింది నేను, మా ఆయన, పదేళ్ల పాప, అమ్మ, నాయన. మా తమ్ముడు సపోరోలో ఉద్యోగం చేస్తా ఉండాడు కాబట్టి భాష కష్టం మాకు సగమే.

అసలు యాడ ఉండాది ఆ ఊరు?

జపాన్‌కి ఉత్తరాన హొక్కైదో అని పెద్ద దీవి, దాంట్లో తోయాకో ఆన్సెన్ అనే చిన్న ఊరు. "కో" అంటే చెరువు, "ఆన్సెన్" అంటే వేడినీళ్ల ఊట, అంటే తోయా చెరువు వేడినీళ్లు అని ఊరి పేరులోనే అంతా చెప్పేసినారు. చెరువంటే మన ఊరి బయట చెరువు మాదిరి అనుకోవద్దండి, లక్ష ఏళ్లకి పైమాట అగ్నిపర్వతం పేలి నేల లోపలికి కుంగిపోయి ఆ గుంటలో నీళ్లు నిండినాయి. దాదాపు గుండ్రంగా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి సుమారు 10 కిలోమీటర్లు, తిరుపతి నుంచి రేణిగుంట దాకా మొత్తం నీళ్లే అనుకోండి. లోతైన చోట 180 మీటర్ల దాకా ఉంటుందంట. మధ్యలో నకాజిమా అని అడివి పట్టిన దీవులు, వాటిల్లో జింకలు. మబ్బు లేకపోతే అవతల యోతే కొండ కనిపిస్తుంది, 1898 మీటర్లు, నెత్తిన మంచు. 2008లో జీ8 అనే పెద్ద దేశాల నాయకుల సమావేశం పెట్టింది ఈ చెరువు పైన కొండమీది హోటల్లోనే, మన మన్మోహన్ సింగ్ గారు కూడా వచ్చినారు.

అయితే ఆ చెరువులోనే మునగాలా?

కాదు. చెరువు నీళ్లు చల్లగా ఉంటాయి. వేడినీళ్లు భూమిలోంచి తీసి పైపుల్లో హోటళ్లకి ఇస్తారు, స్నానం హోటల్ లోపల.

తిరుపతి నుంచి ఎట్ల పోవాలి?

చెన్నైకి కార్లో పోయి, ఆడ నుంచి బ్యాంకాకో సింగపూరో టోక్యోనో మారి, సపోరో దగ్గర న్యూ చితోసె అనే ఎయిర్‌పోర్టులో దిగాలి. వీసా ముందే తీసుకోవాలి. ఎయిర్‌పోర్టు నుంచి ఒక స్టేషన్ పోయి మినామి చితోసెలో మారి, హొకుతో అనే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తోయా స్టేషన్. ఆ స్టేషన్ సముద్రం పక్కన ఉండాది, చెరువు పక్కన కాదు, మా ఆయన దిగీ దిగగానే "అబ్బ ఎంత పెద్ద చెరువు" అని సముద్రానికి ఫోటోలు తీసినాడు. ఆడ నుంచి బస్సులో ఇరవై నిమిషాలు కొండెక్కి దిగితే ఊరు. సపోరో నుంచి నేరుగా హోటల్ వాళ్ల బస్సులు కూడా కొన్ని ఉంటాయి, రూమ్ బుక్ చేసేటప్పుడే బస్సులో సీటు కూడా చెప్పి పెట్టుకోవాలి, ఆ రోజు పోయి నిలబడితే ఎక్కించుకోరు.

రూమ్ ఎంత పడుతుంది?

ఈడ మనవాళ్లు బోల్తా పడేది ఒక్క విషయంలో. ఇట్లాంటి ఊళ్లలో చాలా హోటళ్లు రూముకి రేటు చెప్పవు, మనిషికి చెప్తాయి, రాత్రి భోజనం, పొద్దున టిఫిను కలిపి. ఐదుగురం ఒకే రూములో సర్దుకుంటాం లే, డబ్బులు మిగుల్తాయి అనుకుంటే ఏమీ మిగలవు, ఐదు తలలకీ వేస్తారు (చిన్నపిల్లలకి తగ్గిస్తారు). దానిమీద స్నానం పన్ను అని ఇంకొకటి, జపాన్‌లో చాలాచోట్ల మనిషికి రోజుకి 150 యెన్‌లు, అంటే వేడినీళ్లలో మునిగినందుకు పన్ను, నాయనకి ఇది వినగానే నవ్వు ఆగలేదు. శనివారం రాత్రి, ఏప్రిల్ చివర మే మొదట్లో వాళ్ల సెలవుల వారం, ఆగస్టు నడిమధ్య, ఈ మూడూ తప్పించండి, రేటు మారిపోతుంది. చెరువు వైపు రూముకి ఎక్కువ, కొండ వైపు రూముకి తక్కువ. మా సలహా అయితే చెరువు వైపే తీసుకోండి, ఎందుకో బాణాసంచా ప్రశ్నలో చెప్తా. టిప్పు ఎవరికీ ఇవ్వొద్దు, ఇస్తే వాళ్లు కంగారు పడతారు, వెంటపడి తిరిగి ఇస్తారు.

పాపా, నిజంగానే బట్టలు లేకుండానా?

అవును పిన్నీ. ఆడోళ్లకి వేరే, మొగోళ్లకి వేరే, మధ్యలో గోడ. చీర కాదు, నైటీ కాదు, స్విమ్మింగ్ డ్రెస్సు కూడా వేసుకుని దిగనీరు. చేతిలో ఒక సన్న టవల్ మాత్రం ఉంటుంది, మన కాశీ తువ్వాలులో సగం వెడల్పు, ముందర అడ్డం పెట్టుకుని నడవడానికి, అది కూడా నీళ్లలో ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకుంటారు లేదంటే గట్టున పెడతారు.

మా అమ్మ మొదటి రాత్రి రానే రాలేదు. "ఇంత దూరం వచ్చి సిగ్గు పోగొట్టుకునే కర్మ నాకేంటి, రూములో బాత్రూమ్ ఉండాది గదా" అని గమ్మున పడుకునేసింది. ఎప్పుడూ నాలుక్కే లేచే మనిషి కాబట్టి పొద్దున ఐదుకి నన్ను లేపి "ఇప్పుడైతే ఎవరూ ఉండరు, పద" అనింది. పోతే ఇద్దరు ముసలమ్మలు ఉన్నారు. అమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. వాళ్లు ఇటు తిరిగి కూడా చూడలేదు, ఒకామె మటుకు పక్కన ఉన్న చిన్న స్టూలు అమ్మ వైపు జరిపి, కొళాయి ఎట్ల నొక్కాలో చెయ్యి పెట్టి చూపించి, మళ్లీ తన కాళ్లు తను రుద్దుకుంటా కూర్చునింది. అంతే. పది నిమిషాలకి అమ్మ తొట్టిలో గొంతు దాకా కూర్చుని "ఈమెకి ఎన్నేళ్లుంటాయే, ఎనభై ఉంటాయా, ఎముకలు చూడు ఎంత గట్టిగా ఉండాయో" అని నన్ను అడుగుతా ఉంది. తర్వాత ఆమెని బయటికి తీసుకురావడమే కష్టమైంది.

అయినా కాదు కూడదు అనేవాళ్లకి, గంట లెక్కన అద్దెకిచ్చే ఫ్యామిలీ స్నానాల గది కొన్ని హోటళ్లలో ఉంటుంది, రూముకే సొంత తొట్టి ఉండేవి కూడా ఉంటాయి, రేటు మాత్రం గట్టిగా ఉంటుంది. అదీ వద్దంటే ఊర్లో అక్కడక్కడా కాళ్లు పెట్టుకునే తొట్లు, చేతులు పెట్టుకునే తొట్లు ఉండాయి, ఫ్రీ, ప్యాంటు మడుచుకుని కూర్చోవడమే.

ముందు ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి, వరసగా చెప్పక్కా

రూములో యుకాతా అని కాటన్ అంగీ పెడతారు, అది కట్టుకుని ఆ సన్న టవల్ ఎత్తుకుని లిఫ్టులో దిగిపోవచ్చు, హోటలంతా అందరూ ఆ బట్టల్లోనే తిరుగుతా ఉంటారు, భోజనానికి కూడా. కట్టేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైన వేసేది శవానికంట, మా నాయన సరిగ్గా అట్లనే కట్టుకుని వస్తే కౌంటరులో అమ్మాయి పరిగెత్తుకుని వచ్చి దండాలు పెట్టి పెట్టి సరిచేసింది.

గుమ్మానికి తెర కట్టి ఉంటుంది, సాధారణంగా ఎర్రది ఆడోళ్లకి, నీలంది మొగోళ్లకి. ఈడ జాగ్రత్త. కొన్ని హోటళ్లలో రాత్రి ఆడోళ్లకి ఇచ్చిన వైపు పొద్దున మొగోళ్లకి మార్చేస్తారు, రెండు వైపులా అందరూ చూడాలని. మా ఆయన రాత్రి పోయిన దారి గుర్తు పెట్టుకుని పొద్దున నిద్ర కళ్లతో నేరుగా పోయినాడు, తెర ఎత్తబోతా ఉంటే లోపల నుంచి ఆడోళ్ల నవ్వులు వినపడి బతికిపోయినాడు. దారి గుర్తు పెట్టుకోవద్దు, తెర రంగు చూడండి.

లోపల బుట్టల్లో బట్టలు పెట్టేసి, తొట్టి దగ్గరికి పోకముందే వరసగా ఉన్న కొళాయిల దగ్గర స్టూలు మీద కూర్చుని సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా రుద్దుకుని, నురగ ఒక్క చుక్క లేకుండా కడుక్కోవాలి. నిలబడి పోసుకుంటే పక్కనోళ్ల మీద పడుతుంది. తర్వాతే తొట్టి. మనం పుష్కరిణిలో సబ్బు పెట్టం గదా, అదే లెక్క, కాకపోతే ఈడ స్నానం చేసి వచ్చి మళ్లీ స్నానం చెయ్యాలి. అమ్మ దీన్ని "మడి కట్టుకుని దిగేది" అని ఒక్క ముక్కలో తేల్చేసింది, ఆ తర్వాత ఎవరికీ ఏదీ వివరించాల్సిన పని లేకపోయింది. పెద్ద జుట్టు ఉంటే ముడి వేసుకోవాలి, వెంట్రుక నీళ్లలో తేలకూడదు. కొండకి పోయి గుండు కొట్టించుకుని ఉంటే ఇంకా సుఖం. దూకడం, ఈదడం, గట్టిగా మాట్లాడడం, ఫోన్ తీసుకుపోవడం, ఏదీ లేదు. బయటికి వచ్చేటప్పుడు ఆ సన్న టవల్ పిండి ఒళ్లు తుడుచుకున్నాకే బట్టలు మార్చుకునే గదిలోకి రావాలి.

నీళ్లు ఎంత వేడి? నాకు బీపీ ఉండాది, దిగొచ్చా?

తొట్టిలో మామూలుగా 40 నుంచి 43 డిగ్రీలు. బదరీనాథ్ తప్తకుండంలో దిగినవాళ్లకి తెలుస్తుంది, మొదట కాలు పెడితే కాలినట్టు ఉంటుంది, రెండు నిమిషాలకి ఒళ్లు ఒప్పుకుంటుంది. నాయనకి బీపీ ఉండాది కాబట్టి తిరుపతిలోనే డాక్టర్ని అడిగి వచ్చినాము, కొంచెం వేడి తక్కువ ఉన్న తొట్టిలో, గుండె కిందికే నీళ్లు ఉండేట్టు, ఐదు నిమిషాలకి మించకుండా అని చెప్పినాడు. మద్యం తాగి దిగకూడదు, కడుపునిండా తిన్న వెంటనే దిగకూడదు, ముందూ తర్వాతా నీళ్లు తాగాలి, లేచేటప్పుడు తటాలున లేవకూడదు, కళ్లు తిరుగుతాయి. కడుపుతో ఉన్నవాళ్లు దిగకూడదని జపాన్‌లో పాత రూల్ ఒకటి ఉండేది, 2014లో అది తీసేసినారు, అయినా మీ డాక్టరమ్మని అడక్కుండా దిగొద్దు. నెలసరి రోజుల్లో పెద్ద తొట్టి వద్దు. డైపర్ పిల్లల్ని చాలాచోట్ల దించనీరు.

ఆన్సెన్ అనే పేరు ఎట్లబడితే అట్ల పెట్టుకోనీరు అన్నట్టు. 1948 నుంచి చట్టం ఉండాది, ఊట దగ్గర నీళ్లు 25 డిగ్రీలు ఉండాలి, లేదంటే ఫలానా ఖనిజాల్లో ఏదో ఒకటి ఉండాలి. ఏముందో గోడకి రాసి తగిలిస్తారు.

మా అవ్వ చేతికి పచ్చబొట్టు ఉండాది, రానిస్తారా?

మంచి ప్రశ్న, మాకూ ఇదే భయం. ఆడ రౌడీ ముఠాలోళ్లు ఒళ్లంతా బొమ్మలు పొడిపించుకుంటారు కాబట్టి పచ్చబొట్టు అంటేనే చాలా హోటళ్లు వద్దంటాయి. చిన్నదైతే పైన అంటించే పట్టీలు దొరుకుతాయి, కౌంటర్లో అడిగితే కొందరు వాళ్లే ఇస్తారు. మా అమ్మ ముంజేతి మీద నాలుగు చుక్కలు ఉండాయి, మేం ముందే హోటలుకి ఫోటో పంపి అడిగినాము, పట్టీ వేసుకుంటే చాలు అన్నారు. చెయ్యి నిండా పొడిపించుకున్నవాళ్లు బుక్ చెయ్యకముందే అడగండి.

నగలు తీసెయ్యాలా?

తాళి తియ్యమని ఎవరూ అనలేదు, బంగారానికి ఏమీ కాలేదు. వెండి సంగతి వేరే. తోయా నీళ్లలో మా మెట్టెలు బాగానే ఉండినాయి గానీ, రెండో రోజు అదే రైలు దారిలో నోబోరిబెత్సు అని గంధకం నీళ్ల ఊరికి పోయినాము, ఆడ కాలు పెట్టి తీసేలోపు మెట్టెలు బొగ్గు మాదిరి అయిపోయినాయి. తిరుపతికి వచ్చినాక చింతపండుతో తోమితే రవ్వంత పోయింది, మిగతాది ఇంకా ఉండాది.

శాకాహారులకి తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ దానికి పోరాడాలి. ఆడ వెజ్ అంటే మాంసం ముక్క కనపడకపోవడం అనుకుంటారు. కూరల్లో, సూపుల్లో, చారులో, అన్నిట్లోనూ దాషి అని ఎండబెట్టిన చేప తరుగు వేసి కాచిన నీళ్లు పోస్తారు, అది వాళ్లకి మనకి తిరగమోత మాదిరి, ఉన్నట్టు కూడా వాళ్లకి అనిపించదు. కాబట్టి బుకింగ్‌లోనే "మాంసం వద్దు, చేప వద్దు, దాషి వద్దు, గుడ్డు వద్దు" అని విడివిడిగా జపనీస్‌లో రాయించండి. మా తమ్ముడు రాసినాడు. అయినా మొదటి రాత్రి అమ్మ ముందు పెట్టిన సూపులో చేప వాసన. అమ్మ గిన్నె పక్కకి జరిపి ఏమీ అనలేదు, వడ్డించే అమ్మాయికి అర్థమై లోపలికి పోయి వంటాయన్ని పిలుచుకుని వచ్చింది, ఆయన టోపీ తీసి వంగినాడు. రెండో పూట సోయా పనీరు, కొండ ఆకుకూరలు, ఉప్పుతో తినే కూరగాయల బజ్జీలు విడిగా చేసి పెట్టినారు.

బఫే ఉన్న హోటళ్లు నయం, చూసుకుని పెట్టుకోవచ్చు. బఫేని వాళ్లు "వైకింగ్" (పాతకాలం సముద్రపు దొంగల పేరు) అంటారు, బోర్డు చూసి భయపడకండి. హొక్కైదో అంటే పీతలకి పేరు, కొండ మాదిరి పోసి పెట్టినారు, నాయన తినే మనిషే. కానీ మేం పోయింది శనివారం, అందులోనూ వెంకటేశ్వరస్వామి కోసం మాంసం ముట్టని పెరటాసి నెల శనివారం. ఎక్కువ రేటు కట్టి పీతల ముందు నుంచి గోవిందా అనుకుంటా నడిచి పోయి పెరుగన్నం తిన్నాడు. ఆ మాట ఇప్పటికీ ఎత్తుతాడు.

పెరుగన్నం ఎట్ల దొరికింది అంటారా, అదే నేను చెప్పాలనుకునేది. జపాన్ మొత్తం పాలల్లో సగానికి పైన ఈ ఒక్క దీవిలోనే పితుకుతారు. చక్కెర లేని పెరుగు ఏ చిన్న కొట్లో అయినా దొరుకుతుంది, కమ్మగా గట్టిగా ఉంటుంది. అన్నం ముద్దగా జిగటగా ఉంటుంది, పులిహోరకి పనికిరాదు గానీ పెరుగు కలపడానికి దానికంటే బాగుండేది లేదు. మేం ఎత్తుకుపోయిన ఆవకాయ, పప్పుల పొడి, శెనక్కాయల ఊరిబిండి పొడి, ఇవి చాలు, మూడు రోజులు గట్టెక్కింది. స్నానాల గది బయట మిషన్‌లో గాజు సీసాల్లో చల్లని పాలు అమ్ముతారు, ఒంట్లో వేడి తగ్గకముందే తాగాలి. అమ్మ రోజుకి రెండు సీసాలు.

పొడులు, పచ్చళ్లు తీసుకుపోవచ్చు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, పండ్లు వద్దు, మాంసం ఉన్నదేదీ వద్దు.

ఎలక్ట్రిక్ కుక్కర్ ఎత్తుకుపోతే?

వద్దు. మేం ఎత్తుకుపోయినాము, ఆడ కరెంటు 100 వోల్టులే, మన 230 కుక్కర్ గంట పెట్టినా నీళ్లు గోరువెచ్చనే. పిన్ను కూడా రెండు చదును పలకలు, అడాప్టర్ కావాల. రూములో వంట చెయ్యడం వాళ్లకి నచ్చదు కూడా.

నేలమీద పడుకోవాలంటగా? మోకాళ్ల నొప్పులు నాకు

చాప రూమైతే అవును. మనం భోజనానికి పోయి వచ్చేలోపు పరుపులు పరిచి పెట్టేస్తారు. మంచాల రూములు కూడా ఉంటాయి, అడిగి తీసుకోండి. చాప మీద చెప్పులు, హోటల్ చెప్పులతో సహా, వద్దు.

అగ్నిపర్వతం పక్కన ఊరంట, భయం లేదా?

ఉండాది, దాని పేరు ఉసు. ఈ వేడినీళ్లు దాని చలవే. 1910లో అది పేలినాక చెరువు గట్టున వేడినీళ్లు కనిపించి 1917 నుంచి ఊరు మొదలైంది. తర్వాత 1944లో, 1977లో, 2000 మార్చి 31న మళ్లీ పేలింది. ఈ కొండకి ఒక మంచి గుణం, పేలే ముందు భూకంపాలతో కబురు చెప్తుంది. 2000లో అట్ల ముందే పదివేల మందికి పైగా జనాన్ని తరలించినారు, ఒక్క ప్రాణం పోలేదు. అప్పుడు పగిలిన రోడ్లు, బురద నిండిన ఇళ్లు అట్లనే వదిలేసి మధ్యలో నడవడానికి బాట వేసినారు. కరెంటు స్తంభం పక్కకి వాలి, రోడ్డు మెట్లు మెట్లుగా విరిగి ఉంటుంది, పాప దాన్ని చూసినాక హోటల్ దాకా మాట్లాడలేదు.

షోవా షిన్‌జాన్ అని ఇంకో కొండ ఉండాది, దాన్ని మాత్రం వదలొద్దు. 1943 చివర్లో గోధుమ చేను ఉబ్బడం మొదలై 1945 నాటికి కొండై కూర్చునింది, ఇప్పుడు 398 మీటర్లు, ఇంకా పొగలు వస్తా ఉంటాయి. యుద్ధం రోజులు, జనం భయపడతారని సర్కారు బయటికి చెప్పనీలేదు. ఆ ఊరి పోస్టుమాస్టరు మిమత్సు మసావో అనే ఆయన పోస్టాఫీసు వెనకాల అడ్డంగా దారాలు కట్టి, కొండ ఏ దారం దాకా పెరిగిందో చూసి బొమ్మ గీస్తా వచ్చినాడు, శాస్త్రవేత్తలకి తర్వాత అదే ఆధారమైంది. 1946లో ఆ కొండనే కొనేసినాడు. నాయన పోస్టల్ డిపార్టుమెంటులో రిటైర్ అయినాడు, ఆ పోస్టుమాస్టరు విగ్రహం ముందర నిలబడి నాలుగు ఫోటోలు తీయించుకున్నాడు.

బాణాసంచా నిజమేనా?

నిజం. ఏప్రిల్ చివర నుంచి అక్టోబర్ చివర దాకా రాత్రి 8:45కి చెరువు మధ్యలో పడవల నుంచి సుమారు ఇరవై నిమిషాలు కాలుస్తారు, దీపావళి కాదు ఏమీ కాదు, రోజూ. పడవ కదులుతా కాలుస్తుంది కాబట్టి ఏ హోటల్ ముందరైనా కాసేపు బాగా కనపడుతుంది. చెరువు వైపు రూము తీసుకోమన్నది ఇందుకే, కిటికీ దగ్గర దుప్పటి కప్పుకుని చూడొచ్చు. చలికాలంలో పోతే ఇది ఉండదు, కానీ మంచు పడతా ఉంటే బయటి తొట్టిలో కూర్చోవచ్చు, చెరువు గడ్డకట్టదు, మైనస్ 5, మైనస్ 10 చలికి తట్టుకునే స్వెట్టర్లు మాత్రం తిరుపతిలో దొరకవు.

ఎన్ని రోజులు ఉండాలి?

రెండు రాత్రులు. చెక్ ఇన్ మధ్యాహ్నం మూడు, చెక్ అవుట్ పొద్దున పదికే, ఒక్క రాత్రైతే స్నానానికీ తిండికీ పరిగెత్తడమే సరిపోతుంది.

ఆ టవళ్లు, అంగీలు ఇంటికి తెచ్చుకోవచ్చా?

అంగీ తేకూడదు, పెద్ద టవల్ తేకూడదు. సన్న టవల్ మాత్రం చాలా హోటళ్లలో మనదే, పైన హోటల్ పేరు అచ్చేసి ఉంటుంది, అయినా అడిగి తీసుకోండి. మావి ఐదు వచ్చినాయి. నాలుగు ఏమైనాయో తెలీదు, ఐదోది మాత్రం అమ్మ పెరుగు గిన్నె మీద కప్పుతా ఉండాది.